విశ్రాంత జీవితం: ఎవరి దారి వారిది

(పింఛనుదారుల దినోత్సవం నాడు ఖైరతాబాద్ శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అని, రిటైరైన తేదీని బట్టి పింఛనుదారులను రెండు వర్గాలుగా విడదీయడం తగదని ఆ తీర్పు సారాంశం. అందుకే దేశమంతటా ఈ రోజును మనం పండుగగా జరుపుకుంటున్నాం. ఒకటో తారీఖున మన ఖాతాలో పడే డబ్బు గురించి ఆ తీర్పు చెప్పింది. ఒకటో తారీఖు నుంచి ముప్పయ్యో తారీఖు దాకా మన రోజులు ఎలా గడవాలో ఏ కోర్టూ చెప్పలేదు. అది మనమే తేల్చుకోవాలి.

కార్యదర్శి గారు నాతో, "డి.ఆర్. బకాయిల మీద మాట్లాడడానికి నలుగురు సిద్ధంగా ఉన్నారు. మీరు మాత్రం రిటైరయ్యాక మనిషి తృప్తిగా ఎలా ఉండాలో మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. ఆ తర్వాత నేటి అజెండా నా చేతికి వచ్చింది. అందులో ఏడో అంశం ఇది: "మూడు సంవత్సరములుగా సమావేశములకు హాజరుకాని సభ్యుల పేర్లు జాబితా నుండి తొలగించుట." ఈ తీర్మానం ప్రతిపాదించిన మిత్రుల ఉద్దేశం చెడ్డది కాదు. మనిషి కదలాలి, నలుగురిలోకి రావాలి, ఇంట్లో కూర్చుంటే కుంగిపోతాడు, కాబట్టి కాస్త భయపెట్టి అయినా బయటికి రప్పించాలి అని వారి ఆలోచన. ఆ ఆలోచనలో నిజం ఎంత ఉంది, ఎంత లేదు అన్నదే ఇప్పుడు నేను చెప్పదలచిన విషయం. తీర్మానం చర్చకు వచ్చే ముందు పది నిమిషాలు ఓపికగా వినవలసిందిగా మనవి.

ఒకే ఉత్తర్వు, ఇద్దరు మనుషులు

మనలో కొంచెం వయసు మళ్ళినవారికి 1983 ఫిబ్రవరి బాగా గుర్తుంటుంది. ఆ నెల 8వ తేదీన అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే 55 నిండినవారంతా ఆ నెల 28వ తేదీ సాయంత్రం ఇంటికి వెళ్ళారు. ఒక్క ప్రభుత్వ ఉద్యోగులలోనే పద్దెనిమిది వేల మందికి పైగా ఆ రోజు సర్వీసులోంచి తప్పుకున్నారు. నాకప్పుడు 32 ఏళ్ళు. మా సెక్షన్‌లో సగం కుర్చీలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి.

వారిలో ఇద్దరి సంగతి చెబుతాను. పేర్లు అవసరం లేదు. ఇద్దరిదీ ఒకే హోదా, ఇంచుమించు ఒకే పింఛను. ఇద్దరికీ పిల్లల బాధ్యతలు కొంత తీరాయి, కొంత మిగిలాయి. మొదటాయన మా సూపరింటెండెంట్. రిటైరైన వారం రోజులకే ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. క్యాంటీన్ బెంచీ మీద కూర్చుని, దారిన పోయే ప్రతి గుమాస్తానూ పిలిచి, "ఏమయ్యా, ఆ ఫైలు కదిలిందా?" అని అడిగేవారు. మొదట్లో అందరం లేచి నమస్కారం పెట్టేవాళ్ళం. నాలుగు నెలల తర్వాత కొందరు పక్క గుమ్మం నుంచి తప్పించుకుపోయేవారు. ఆయన ముఖం నెలనెలకూ వాడిపోవడం మేం చూశాం.

రెండో ఆయన అక్కౌంట్స్‌లో ఉండేవారు. ఉద్యోగంలో ఉన్నప్పుడే ఆయనకు మాటలు తక్కువ. నగరంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి నల్లగొండ జిల్లాలోని సొంత ఊరు వెళ్ళిపోయారు. రెండెకరాల పొలం, ఒక పాడిగేదె, రాత్రిపూట భారతం చదువుకోవడం, అంతే. ఒకసారి పింఛను కాగితాల పని మీద వచ్చినప్పుడు చూస్తే మనిషి పదేళ్ళు చిన్నవాడైనట్టు కనిపించారు. ఆయన అంత హాయిగా నవ్వడం నేను సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. 1984 ఆగస్టులో వయస్సు మళ్ళీ 58 అయింది. 1985లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇంకా 58 నిండని కొందరు తిరిగి విధుల్లో చేరారు. మా ఇద్దరికీ కొద్ది నెలల సర్వీసు మిగిలి ఉంది. సూపరింటెండెంట్ గారు కొత్త చొక్కా తొడుక్కుని, పెళ్ళికొడుకులా వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. అక్కౌంట్స్ ఆయన మాత్రం గోడ మీద కేలెండరులో రోజులు కొట్టివేస్తూ, "గేదె ఈనే వేళకు పోగలనో లేదో" అని దిగులుపడ్డారు.

ప్రభుత్వం ఇద్దరినీ ఒకే ఉత్తర్వుతో పంపింది, ఒకే తీర్పుతో రప్పించింది. పని పోయినప్పుడు ఒకరు వాడిపోయారు, ఒకరు విచ్చుకున్నారు. పని తిరిగి వచ్చినప్పుడు అది తారుమారైంది. అంటే తృప్తి అనేది పని ఉండడంలోనూ లేదు, లేకపోవడంలోనూ లేదు. ఆ పనికీ ఆ మనిషి స్వభావానికీ పొత్తు కుదిరిందా లేదా అన్నదాన్లో ఉంది.

పండితుల వాదన

ఇది నా ఒక్కడి అభిప్రాయం అయితే ఇంతమంది ముందు చెప్పే సాహసం చేయను. అమెరికాలో కాన్సాస్ సిటీ అనే నగరంలో నడివయసు వాళ్ళ మీదా పెద్దవాళ్ళ మీదా 1950 దశకంలో పెద్ద అధ్యయనం ఒకటి మొదలైంది. అందులో పనిచేసిన కమ్మింగ్, హెన్రీ అనే ఇద్దరు 1961లో ఒక పుస్తకం వేశారు. వయసు మీరిన కొద్దీ మనిషి సమాజం నుంచి, సమాజం మనిషి నుంచి మెల్లగా దూరం జరగడం సహజమనీ, అది ఇద్దరికీ మంచిదేననీ వారి వాదం. అదే కాలంలో హావిగ్‌హర్స్ట్ అనే ఆచార్యుడూ ఆయన మిత్రులూ దీనికి ఎదురు వాదించారు. నడివయసులో చేసిన పనులను వదలకుండా పట్టుకోవాలి, ఒకటి పోతే దాని స్థానంలో ఇంకొకటి తెచ్చుకోవాలి, అప్పుడే ముసలితనం సుఖం అన్నారు.

ఈ వాదన మనకు కొత్తది కాదు. మన పెద్దలు వానప్రస్థం అన్నారు, అది మొదటి వాదం. అరవై నిండగానే షష్టిపూర్తి చేసి, మళ్ళీ తాళి కట్టించి కొత్త కాపురం పెట్టించారు, అది రెండో వాదం. మన ఖైరతాబాద్ మహా గణపతి దగ్గరా ఈ చర్చ జరిగింది. 1954లో సింగరి శంకరయ్య గారు ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన ఆ ఉత్సవంలో ఏటా ఒక అడుగు చొప్పున పెంచుకుంటూ పోయి 2014 నాటికి అరవై అడుగులు చేశారు. అరవై అయిపోయింది కాబట్టి ఇక ఏటా తగ్గిస్తారన్న మాట అప్పట్లో వినిపించింది. కొన్నేళ్ళు తగ్గాడు కూడా. కాని 2024లో డెబ్బయ్యో ఏడు, డెబ్బై అడుగులు! అరవై దాటినవాడు చిన్నబోవాలన్న నియమాన్ని మన గణపతి చివరికి ఒప్పుకోలేదు.

మళ్ళీ కాన్సాస్ సిటీకి వద్దాం. ఈ రెండు వాదాలలో ఏది నిజమో తేల్చడానికి బెర్నీస్ న్యూగార్టెన్ అనే విదుషి, హావిగ్‌హర్స్ట్, టోబిన్ కలిసి డెబ్బై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ళ మధ్య వయసుగల 59 మందిని దగ్గరగా పరిశీలించారు. ఒక్కొక్కరి విషయంలో మూడు సంగతులు చూశారు. ఒకటి, ఆ మనిషి స్వభావం. రెండు, ఆ మనిషి ఎన్ని పాత్రలలో ఎంత చురుకుగా ఉన్నాడన్నది. మూడు, జీవితం పట్ల తృప్తి.

తృప్తిని కొలవడం ఎలా అని మీరు అడగవచ్చు. వారు 1961లో ఇరవై వాక్యాల పట్టిక ఒకటి తయారుచేశారు. దానిలో ఐదు అంశాలు ఇమిడి ఉన్నాయి. రోజువారీ జీవితం మీద ఉత్సాహం ఉందా? జరిగిపోయిన జీవితాన్ని తనదిగా ఒప్పుకోగలుగుతున్నాడా? అనుకున్నదానికీ సాధించినదానికీ పొసగిందా? తన మీద తనకు మంచి అభిప్రాయం ఉందా? మనసు తేటగా ఉందా? గమనించండి. ఎన్ని సభలకు వెళ్ళావు, ఎన్ని కమిటీలలో ఉన్నావు అన్న ప్రశ్న తృప్తి పట్టికలో లేదు. దానిని వేరే లెక్కగా చూశారు.

తేలిందేమిటంటే, రెండు వాదాలలో ఏదీ అందరికీ సరిపోలేదు. మొత్తం మీద చురుకుగా ఉన్నవారిలో తృప్తి ఎక్కువగా కనిపించిన మాట నిజమే. కాని చురుకు తక్కువగా ఉండీ నిండు తృప్తితో ఉన్నవాళ్ళున్నారు. ఊపిరాడని పనులు పెట్టుకుని లోపల వెలితితో ఉన్నవాళ్ళూ ఉన్నారు. తేడా స్వభావం దగ్గర వచ్చింది. వారు నాలుగు రకాల స్వభావాలనూ, వాటిలో ఎనిమిది రకాల జీవన సరళినీ గుర్తించారు. మన ఆఫీసు భాషలో చెబుతాను. మీకు తెలిసిన ముఖాలు కనిపిస్తే పైకి పేర్లు చెప్పకండి.

మొదటిది నిలకడగల స్వభావం. ఇందులో మూడు రకాలవాళ్ళు. ఒక పని పోగానే కొత్త పనులు అమర్చుకునేవారు; పది పనులు వదిలి ఒక్కదాని మీదే మనసు నిలిపేవారు; ఇష్టపూర్వకంగా తప్పుకుని వాలుకుర్చీలో ప్రశాంతంగా కూర్చునేవారు. మొదటివారిది నిండు చురుకు, రెండోవారిది మధ్యస్థం, మూడోవారిది తక్కువ. తృప్తి మాత్రం ముగ్గురికీ ఎక్కువే. నేటి ఏడో అంశం దృష్ట్యా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

రెండోది పట్టుదల స్వభావం. ముసలితనాన్ని శత్రువులా చూసి, చేతిలో పని ఉన్నంతకాలం నాకేం కాదనుకునేవారు కొందరు. ఎక్కడ ఏం దెబ్బ తగులుతుందోనని చుట్టూ గిరి గీసుకుని అందులోనే జాగ్రత్తగా బతికేవారు మరికొందరు. మూడోది ఆనుకునే స్వభావం. ఒకరో ఇద్దరో ఆసరాగా ఉంటే వీరు బాగానే ఉంటారు. ఆ ఆసరా భార్యో భర్తో అయి, వారు పోతే ఒక్కసారిగా కూలిపోతారు. వీరిలోనే మొదటి నుంచీ దేనిమీదా ఆసక్తి లేకుండా బతుకు ఈడ్చేవారు కూడా ఉంటారు. ఇక నాలుగోది చెదిరిన స్వభావం. ఆలోచన, ఉద్వేగం రెండూ అదుపు తప్పినవారు. వీరికి సలహాలు చాలవు, వైద్యం కావాలి.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్న మన సామెతకు ఆ తర్వాతి పరిశోధనలూ చాలావరకు దగ్గరగానే వచ్చాయి. స్వభావం వయసుతో కొంత మెత్తబడుతుందే గాని తలకిందులు కాదు. 1989లో అచ్లీ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన సిద్ధాంతం కూడా ఇదే: మనిషి వృద్ధాప్యంలో కొత్త మనిషి అయిపోడు, పాత తీరునే కొత్త పరిస్థితికి సర్దుకుంటాడు. మన రాష్ట్రాలలోనూ ఈ శాస్త్రానికి పునాది వేసినవారున్నారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.వి. రామమూర్తి గారు వృద్ధాప్యం మీద పరిశోధనకు ఒక కేంద్రాన్నే నడిపారు.

మన కూడలిలోని పెద్దాయన

మనలో చాలామంది ఈ సమావేశానికి ఖైరతాబాద్ కూడలి మీదుగానే వచ్చి ఉంటారు. అక్కడ నిలబడి ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు కూడా మనలాగే ఒక విశ్రాంత ఉద్యోగి. బొంబాయి ప్రభుత్వ సర్వీసు నుంచి 1908లో స్వచ్ఛందంగా విరమించుకున్నారు. అప్పటికి యాభై నిండలేదు. అదే ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. నిజాం ప్రభుత్వం పిలవగా 1909లో వచ్చి, నగరాన్ని వరద నుంచి కాపాడే పథకం తయారుచేశారు. ఆ ఆలోచన నుంచి వచ్చినవే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927 నాటి హిమాయత్ సాగర్. ఆ తర్వాత మైసూరులో చీఫ్ ఇంజనీరు, 1912 నుంచి 1918 వరకు దివాను. భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని పుస్తకం వేసింది 1934లో, తన ఉద్యోగ జీవిత జ్ఞాపకాలు ప్రచురించింది 1951లో. భారతరత్న 1955లో. 1962 ఏప్రిల్‌లో కన్నుమూసేనాటికి నూరు దాటారు. అంటే సర్వీసు కంటే విశ్రాంత జీవితమే రెండింతలు.

ఇటీవలి కాలంలోనూ మన నగరంలో ఇటువంటివారున్నారు. ప్రభుత్వ విద్యారంగంలో పనిచేసి రిటైరైన చుక్కా రామయ్య గారు నల్లకుంటలో ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు శిక్షణ ఇచ్చి ఆ పేటకే పేరు తెచ్చారు, ఆ తర్వాత శాసనమండలి సభ్యులూ అయ్యారు. రైల్వేలో పనిచేసి రిటైరైన గంగాధర తిలక్ కాట్నం గారు 2010 ప్రాంతం నుంచి తన పింఛను డబ్బుతో హైదరాబాదు రోడ్ల మీద గుంతలు పూడుస్తూ వచ్చారు. ఆయన సతీమణి కూడా తోడు నిలిచారు.

వీరి గురించి చెప్పగానే మనం చప్పట్లు కొడతాం, కొట్టవలసిందే. కాని ఆ చప్పట్లు ఇంటి దగ్గర కూర్చున్న మిత్రుడికి చెంపదెబ్బ కాకూడదు. విశ్వేశ్వరయ్య గారు రిటైరయ్యాక పనిమంతుడు కాలేదు. ఉద్యోగంలో ఉండగానే, 1903లో, పుణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి తనంతట తెరుచుకునే గేట్లు అమర్చిన మనిషి ఆయన. రామయ్య గారు తరగతి గదిలో బతికినవారే, తరగతి గదినే వెతుక్కున్నారు. ఎవరి లోపల ఉన్నది వారు కొనసాగించారు. మా అక్కౌంట్స్ ఆయన కూడా సరిగ్గా అదే చేశారు. ఆయన లోపల ఉన్నది నిశ్శబ్దం. పేపర్లో పేరు పడలేదు, అంతే తేడా.

ఆదివారం లేని విశ్రాంతి

ఇక్కడ సోదరీమణుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. "చురుకుగా ఉండండి" అన్న సలహా వాళ్ళకు ఇస్తే నవ్వుతారు. మా కార్యాలయంలో టైపిస్టుగా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరైన ఒక అమ్మగారిని ఆరేడేళ్ళ క్రితం పలకరించాను. "ఎలా ఉన్నారమ్మా?" అంటే, "ఏం చెప్పను అన్నయ్యా, ఆఫీసులో ఉన్నప్పుడు ఆదివారమన్నా ఉండేది" అన్నారు. పెద్ద కోడలి పురుడికి అమెరికాలో ఆరు నెలలు, కూతురి పిల్లవాడి కోసం బెంగుళూరులో ఎనిమిది నెలలు, తిరిగి వస్తే మంచాన పడ్డ అత్తగారు. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి పదింటికి నడుం వాలుస్తారు. ఏ లెక్కన చూసినా మన సంఘంలో ఆవిడ కంటే చురుకైన మనిషి లేరు. అయినా ఆవిడ పట్టికలో తృప్తి ఎంతుంటుందో మీరే ఊహించండి.

మనవలంటే ప్రేమ లేదని కాదు. ఆవిడకు చిన్నప్పటి నుంచీ సంగీతం నేర్చుకోవాలని ఉండేది. రిటైరయ్యాక రోజుకొక గంట దానికి పెట్టుకుందామనుకున్నారు. ఆ గంట ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ లాక్కోలేదు కూడా. ఇంట్లో ఎవరికీ అది గుర్తు రాలేదు. పని ఎంత ఉందన్నది కాదు, ఎవరు ఎంచుకున్న పని అన్నది ప్రశ్న. ఈ సభలో ఉన్న కొడుకులూ కోడళ్ళూ, ముఖ్యంగా భర్తలూ, ఈ సంగతి ఇంటికి వెళ్ళి ఆలోచించాలని నా మనవి. రిటైరైన భర్తకు మూడుసార్లు కాఫీ అందించే భార్యకు ఏ ప్రభుత్వమూ పదవీ విరమణ వయస్సు ప్రకటించలేదు. తెలంగాణలో 2021లో 61 అన్నారు, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 అన్నారు. వంటింటికి ఏ జీ.ఓ.యూ రాలేదు.

ప్రశాంతత వేరు, ఒంటరితనం వేరు

అయితే ఎవరి స్వభావం వారిది కదా, వదిలేద్దాం అంటే సరిపోతుందా? సరిపోదు. తీర్మానం పెట్టిన మిత్రుల భయంలో నిజం ఉన్నది ఇక్కడే. తలుపు వేసుకుని ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒకరు ప్రశాంతంగా ఉండవచ్చు, ఇంకొకరు కుంగిపోతూ ఉండవచ్చు. బయటినుంచి చూస్తే రెండు తలుపులూ ఒకేలా కనిపిస్తాయి.

తేడా ఎలా తెలుస్తుంది? ఆ మనిషి పాత తీరును అడగండి. మొదటి నుంచీ మితభాషి అయినవాడు మాట్లాడకపోతే అది స్వభావం. క్యారమ్స్ బల్ల దగ్గర అరిచి గోల చేసినవాడు మాట్లాడడం మానేస్తే అది సూచన. తనకు ఇష్టమైన పేపరు, పాట, పూజ, మొక్కలు, వీటి మీద కూడా ఆసక్తి పోయిందా? తిండి తగ్గిందా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి దిగులుపడుతున్నాడా? ఇది రెండు వారాలకు పైగా సాగితే అది ముసలితనం కాదు, జబ్బు. కుంగుబాటు వయసుతో పాటు అందరికీ రావలసినదేమీ కాదు. దానికి వైద్యం ఉంది, మందులున్నాయి, పెద్ద వయసులోనూ అవి పనిచేస్తాయి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567. ఈ రెండూ గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇంకా కొందరు స్వభావం వల్లా కాదు, కుంగుబాటు వల్లా కాదు, చెవి వినపడక రావడం మానేస్తారు. నలుగురూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియక పోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో వినికిడి తగ్గినవారికే తెలుసు. కొందరికి మూత్రం ఆపుకోలేని ఇబ్బంది. సభ జరిగే చోట మరుగుదొడ్డి మెట్ల కింద ఉంటే వారు రారు, కారణమూ చెప్పరు. కొందరికి బస్సు మెట్టు ఎత్తు. కొందరికి కళ్ళలో శుక్లాలు, చీకటి పడితే దారి కనపడదు. మన సమావేశాలు సాయంత్రం ఐదింటికి మొదలై ఎనిమిదింటికి ముగుస్తాయి. వీళ్ళందరినీ మనం రిజిస్టరులో "గైర్హాజరు" అని ఒకే సిరాతో రాశాం.

ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్నలు

రిటైరైనవారికీ, రేపో మాపో రిటైరు కాబోయేవారికీ నేను చెప్పగలిగింది ఇంతే. పక్కవాడు ఏం చేస్తున్నాడని చూడకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఉద్యోగంలో నాకు నిజంగా ఇష్టమైనది ఏది: అధికారమా, లెక్కల్లో తప్పు పట్టుకోవడమా, నలుగురితో కబుర్లా, ఒకరి పని చేసిపెట్టామన్న సంతోషమా? అది కుర్చీ లేకుండా దొరికే చోటు ఏది? నా రోజులో నేను ఎంచుకున్న గంట ఒకటైనా ఉందా?

మా సూపరింటెండెంట్ గారి విషయంలో ఇది కళ్ళారా చూశాను. రెండోసారి రిటైరయ్యాక ఆయన క్యాంటీన్ బెంచీకి రాలేదు. చనిపోయిన ఉద్యోగుల భార్యలకు కుటుంబ పింఛను కాగితాలు రాసిపెట్టడం మొదలుపెట్టారు. సర్వీసు రిజిస్టర్లలో ఆయన దృష్టికి అందని లోపం ఉండేది కాదు. "ఆ ఫైలు కదిలిందా?" అన్న ప్రశ్ననే ట్రెజరీలో, ఒక విధవరాలి తరఫున అడిగేవారు. అప్పుడు ఆయన్ను చూసి ఎవరూ పక్క గుమ్మం వెతుక్కోలేదు. మనిషి మారలేదు, ఆ స్వభావానికి తగిన చోటు దొరికింది.

ఏడో అంశంపై నా మనవి

ఇక చివరిగా తీర్మానం సంగతి. రాని సభ్యుల జాబితాలో నలభై ఒక్క పేర్లున్నాయి. వారిలో తమకు తాముగా ప్రశాంతంగా ఉన్నవారుంటారు. వారి పేరు కొట్టివేస్తే వారికి పెద్ద నష్టం లేదు, మన సంఘానికే మర్యాద కాదు. వారిలో కుంగిపోతున్నవారుంటారు. వారి పేరు కొట్టివేస్తే, తమను లోకం మరచిపోయిందన్న వారి అనుమానానికి మనం ముద్ర వేసి సంతకం పెట్టినట్టు అవుతుంది. ఏ విధంగా చూసినా కొట్టివేత వల్ల లాభపడేవారు ఎవరో నాకు కనిపించడం లేదు.

కనుక ఏడో అంశాన్ని ఉపసంహరించి, దాని స్థానంలో ఈ క్రింది విధంగా తీర్మానించవలసినదిగా సభను కోరుతున్నాను. ఒకటి, నలభై ఒక్క మందిని పేటల వారీగా విభజించి, చింతల్‌బస్తీ, ఆనంద్‌నగర్, సోమాజిగూడ, సైఫాబాద్ అని, ఇద్దరేసి సభ్యులు సంక్రాంతి లోగా వారి ఇళ్ళకు వెళ్ళి పలకరించాలి. సభకు రమ్మని అడగడానికి కాదు, ఎలా ఉన్నారో చూడడానికి. రెండు, ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం విషయంలో కదలలేనివారికి ఇంటి వద్దే సహాయం చేయాలి. ప్రభుత్వానికి మనం బతికే ఉన్నామని ఏటా రుజువు చేస్తున్నాం. తోటి ఉద్యోగికి ఆ రుజువు ఒక పలకరింపుతో ఇవ్వలేమా? మూడు, ఏడాదికి కనీసం రెండు సమావేశాలు పగటిపూట, మెట్లు లేని చోట, మైకు సరిగా వినపడేలా జరపాలి. నాలుగు, మన సంచికను రాని వారందరికీ తప్పక పంపాలి. మాట్లాడడం ఇష్టం లేనివాడు చదవవచ్చు, రాయవచ్చు.

నా వంతుగా చింతల్‌బస్తీ వైపు ఉన్న ఆరుగురి పేర్లు నేను తీసుకుంటున్నాను. రెండోవారు ఎవరు వస్తారో చేయెత్తండి. రావడానికి కాళ్ళు సహకరించనివారు ఫోన్ చేసే బాధ్యత తీసుకోండి. అదీ పనే.